బదులు నడక

“నీకేమమ్మా, పొద్దస్తమానం నిలబడి చేసే పనేగా! కాళ్ళకు అలవాటే” అంది అత్తగారు.

అప్పుడు కోడలు ఆవిడ కొడుకు చొక్కాలే ఇస్త్రీ చేస్తోంది. హోటల్లో వంటవాడు ఇంటికెళ్ళి గరిటె ముట్టడంటారు. ఈమె మాత్రం పగలంతా లాండ్రీ షాపులో ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళవి మొదలుపెడుతుంది. షాపులో అయితే కనీసం ఫ్యాను ఉంటుంది. ఇంట్లో ఫ్యాను వేస్తే ఆయనకు జలుబు చేస్తుంది. అసలు కథంతా ఆ జలుబు దగ్గరే మొదలైంది.

పోయినేడు ఆఫీసులో ఆయన ప్రమోషన్ ఊగిసలాడుతున్నప్పుడు అత్తగారు కొండమీది దేవుడికి మొక్కుకుంది, కొడుక్కి ఆ కుర్చీ దక్కితే వాణ్ణి ఇక్కణ్ణుంచి కొండదాకా నడిపిస్తానని. కుర్చీ దక్కింది. తీరా చూస్తే ఆ కొండకు జనం నడిచేది వానల్లోనే. ఎండల్లో నడిస్తే మొక్కు చెల్లదట. దారి రెండు వారాల పైమాటే. కొత్త కుర్చీలోంచి ఆయన లేవడానికి వీల్లేదు, పైగా వాన చుక్క పడితే తుమ్ములు. దేవుడు మరీ మొండివాడేం కాదు కాబట్టి, మొక్కుకున్నవాడు రాలేకపోతే ఇంట్లోవాళ్ళెవరైనా బదులు నడవచ్చు. పైన అతని పేరు చెబితే చాలు, పుణ్యం అతనికే చేరుతుంది.

“అర్ధాంగివి. నువ్వు నడిస్తే వాడు నడిచినట్టే” అంది అత్తగారు.

మరి నేను అలిసిపోతే ఆయన అలిసిపోయినట్టేనా అని నోటిదాకా వచ్చింది. అలా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటలన్నీ పోగేస్తే ఓ గది నిండేది. ఆయన పేపరు పక్కన పెట్టి, “నీకు మాత్రం ఎప్పుడు తీరిక దొరికింది పాపం! ఒకరకంగా ఇవి సెలవులే అనుకో” అన్నాడు, నిజంగానే ప్రేమగా. ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పోట్లాడటం సులువయ్యేది. లాండ్రీ యజమాని, “దేవుడి పనంటే కాదనలేనుగా” అని గొణిగి, వచ్చాక పేరుకుపోయిన మూటలన్నీ ఆమే తీర్చాలని మాట తీసుకుని వదిలాడు.

మొదటి రోజు ఊరు దాటీ దాటకముందే ఆకాశానికి చిల్లు పడింది. కొండకు నడిచేవాళ్ళు పదిమందికి పైగా ఉన్న గుంపు అది. అందరికంటే ముందు నడిచే పెద్దావిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. రిటైరయి చాలాకాలమైనా గొంతు రిటైరు కాలేదు. వెనకబడ్డవాళ్ళను చూసి “ముందుకు జరగాలి, ముందుకు జరగాలి, లోపలంతా ఖాళీయే!” అని అరిచేది. అందరూ ఆవిణ్ణి కండక్టరమ్మ అనేవారు. ఈమె పని తెలిశాక ఆవిడే ఈమెకు ఇస్త్రీ పిల్ల అని పేరు పెట్టింది. పెళ్ళీడుకొచ్చిన కొడుకులుండే వయసులో పిల్ల అనిపించుకోవడం ఆమెకు భలే నచ్చింది.

ఆ సాయంత్రం బసకు చేరగానే ఆమె అలవాటు కొద్దీ ఒక పొరపాటు చేసింది. అందరూ తడిసి ముద్దై గోడలకు చేరగిలబడితే, ఈమె మాత్రం వాళ్ళ తడిబట్టలన్నీ పోగేసుకుని, పిండి, దులిపి, తాడు కట్టి, అరచేత్తో ముడతలు సాపుచేస్తూ వరసగా ఆరేసింది. ఆ తర్వాత ఎవరికి నీళ్ళు కావాలో కనుక్కుంది. ఎవరికో తలనొప్పంటే తన సంచిలోంచి మందు తీసింది. ఆ సంచిలో లేనిది లేదు. సూదీ దారం, నలుగురికి సరిపడా తువ్వాళ్ళు, ఆయన జలుబు మందు కూడా. ఆయన రాలేదని తెలిసి కూడా పెట్టింది! ఒళ్ళంతా పులిసిపోతున్నా, అందరి బట్టలూ తీరుగా వేలాడుతుంటే చూసి ఆమెకు కాస్త గర్వంగానే ఉంది.

కండక్టరమ్మ వచ్చి తన బట్టలు తాడు మీంచి లాగేసుకుంది. “ఏమ్మా, నిన్నెవరైనా అడిగారా?”

“లేదక్కా. ఊరికే ఉండలేక...”

“మొగుడి మొక్కు మోస్తున్నావు, చాల్లే. మా తడిబట్టలు కూడా మొయ్యకు. ఈ దారిలో ఎవరి బట్టలు వాళ్ళే పిండుకోవాలి. కూర్చో. కూర్చోవడం కూడా రాదేంటి నీకు?”

ఆమె ముఖం మాడిపోయింది. అందరి ముందూ అంత మాట అంటుందా! ఓ మూలకు వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. అప్పుడే వాళ్ళలో ఒకతను తాగడానికి వేడిగా ఏదో గ్లాసుల్లో పోసి అందరికీ ఇస్తూ ఆమె చేతిలోనూ ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె వెంటనే లేచి గ్లాసులు కడగబోయి, కండక్టరమ్మ చూపు చూసి మళ్ళీ కూర్చుంది. తాగింది. కూర్చుని, చివరిదాకా, వేడిగా ఉండగానే తాగింది. పెళ్ళయ్యాక అలా తాగింది ఎప్పుడో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కండక్టరమ్మ మీద కోపం ఏమైందో కూడా తెలియలేదు.

మర్నాడు సంచిలో సగం సామాను ఆ బసలోనే వదిలేసి, మిగతాది భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. చేతులు ఖాళీగా ఊగుతున్నాయి. ఆ ఊపు ఎంత బాగుందో! ఇన్నేళ్ళుగా వాన అంటే ఆమెకు ఆరని బట్టలే. మబ్బు పట్టిందంటే మేడ మీదికి పరుగు, షాపులో ముక్కిన వాసన వచ్చే చొక్కాల మీద ఇస్త్రీపెట్టె పట్టుకుని తంటాలు, ఇంట్లో “నా బనీను ఇంకా తడిగానే ఉందేంటి?” అనే కేక. వాన పడేది తనమీదే అయినట్టు, దాన్ని ఆపాల్సింది కూడా తనే అయినట్టు బతికింది. ఇప్పుడు అదే వాన నెత్తిన కుండపోతగా పోస్తోంది. ఆరబెట్టాల్సింది ఏమీ లేదు. మునిగినవాడికి చలేమిటంటారే, అదెంత నిజమో! బురద చెప్పుల్ని పట్టుకుని లాగితే చెప్పుల్ని చేతికి తగిలించుకుంది. వేళ్ళ సందుల్లోంచి బురద చల్లగా పైకి ఉబికి వస్తుంటే కితకితలు పెట్టినట్టయి పెద్దగా నవ్వింది. ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది. వాగులు దాటుతుంటే నీళ్ళు మోకాళ్ళను తోసేవి, ఆమె తిరిగి వాటిని తోసేది. దారిలో ఎదురైనవాళ్ళను ఇంకెంత దూరమని అడిగితే “ఇదిగో, వచ్చేసింది” అనేవాళ్ళు. ఎప్పుడడిగినా అదే మాట. మిగతావాళ్ళు విసుక్కునేవారు గానీ, ఆమెకు మాత్రం నిజంగా వచ్చేస్తుందేమోనని లోపల దిగులుగా ఉండేది. ఎవరికి చెప్పుకుంటుంది ఆ దిగులు? దేవుడి దగ్గరికి వెళ్తూ, దేవుడు తొందరగా రాకపోతే బాగుండునని కోరుకునే భక్తురాలు ఎక్కడైనా ఉంటుందా!

ఫోన్లు మాత్రం వస్తూనే ఉండేవి. గ్యాసు బండ ఎలా మార్చాలి? అమ్మ కళ్ళజోడు ఎక్కడుంది? నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా లేదా? మొదట్లో నడుస్తూనే అన్నింటికీ జవాబు చెప్పింది. పోనుపోను “వెతకండి, దొరుకుతుంది” అనడం మొదలుపెట్టింది. చిత్రమేమిటంటే, దొరికేవి.

కొండ కనిపించిన రోజు మళ్ళీ ఫోను మోగింది. ఆయన గొంతు హుషారుగా ఉంది.

“ఇదిగో, రేపు నేనూ అమ్మా కారులో కొండ కిందికి వస్తున్నాం. చివరి మెట్లు నేనే ఎక్కుతాను. ఎంతైనా మొక్కు నాది కదా! ఆఫీసులో కూడా అందరికీ చెప్పాను. నువ్వు కింద అమ్మ దగ్గర కూర్చుందువుగాని. పాపం, బాగా అలిసిపోయి ఉంటావు.”

ఆమె ఫోను చేతిలో పట్టుకుని వానలో అలాగే నిలబడిపోయింది. ఇన్ని రోజులు లేని నొప్పులన్నీ ఒక్కసారి కాళ్ళలోకి వచ్చాయి. అలిసిపోయి ఉంటానట! ఇంట్లో తను వండిన విందుల్లో ఆయన చివర్న వచ్చి వడ్డించి శభాష్ అనిపించుకోవడం కొత్తేం కాదు. అప్పుడెప్పుడూ ఇంత ఉక్రోషం రాలేదు. ఎందుకంటే ఆ వంట తనకూ ఇష్టం లేదు. ఈ నడక ఇష్టం. ఇష్టమైనదాన్ని లాక్కుంటే ఎంత మండుతుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

విన్న కండక్టరమ్మ, “సొమ్మొకడిది, సోకొకడిది” అని ఊరుకుంది. చెప్పాల్సింది ఆవిడ కాదు మరి.

మర్నాడు కొండ కింద కారు ఆగి ఉంది. ఆయన కొత్త బూట్లు, కొత్త గొడుగుతో తళతళలాడుతున్నాడు. భార్యను చూసి ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక, “అదేం అవతారం!” అన్నాడు. వెనక సీట్లోంచి అత్తగారు, “వచ్చావా అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో. కాస్త నా కాళ్ళు పట్టుదువుగాని. కారులో ముడుచుకుని ముడుచుకుని లాగేస్తున్నాయి” అంది.

“లేదత్తయ్యా. నేను పైకి వెళ్తున్నాను.”

“మరి అమ్మ దగ్గరెవరు?” అన్నాడాయన.

“డ్రైవరున్నాడుగా.”

అంతే అంది. అని, ఆయన ముఖం చూడకుండా మెట్లెక్కింది. గుండె దడదడలాడుతోంది. వెనకనుంచి పిలుస్తారేమో, పిలిస్తే ఆగిపోతానేమో అని మెట్టు మెట్టుకీ భయమేసింది. పిలిచారు కూడా. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఆయన గబగబా వచ్చి ఆమెను దాటుకుని ముందు నడిచాడు, ఫోనులో తనను తాను వీడియో తీసుకుంటూ. కాసేపటికి పక్కపక్కనే నడిచారు. ఆ తర్వాత ఆమె ముందు నడిచింది. సగం కూడా కాకముందే ఆయన మెట్టు మీద కూలబడి, బూటు విప్పి మడమ పట్టుకుని, “కొత్తవి కదా, కొరికేస్తున్నాయి. పోనీ నువ్వే వెళ్ళి నా పేరు చెప్పిరా” అన్నాడు రొప్పుతూ. ఆ ముఖం చూస్తే జాలేసింది. పక్కన పడిపోయిన గొడుగు తీసి ఆయన చేతిలో పెట్టి, తను వానలో పైకి వెళ్ళింది.

పైన గుళ్ళో ఎవరి మొక్కని అడిగారు. ఆమె ఆయన పేరు స్పష్టంగా, పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పింది. అందులో ఏ పేచీ పెట్టదలచుకోలేదు. ఎవరిది వాళ్ళకు అందజేస్తేనే గదా మిగిలిందేమిటో తెలిసేది. చెప్పేసి బయటికొచ్చి గోడ పక్కన నిలబడింది. వాన తెరిపి ఇచ్చింది. కింద పొలాల మధ్య, చెట్ల మధ్య, వాగుల మీదుగా తను నడిచి వచ్చిన దారంతా తడిసి మెరుస్తోంది. ఎంత దూరమో! ఇదంతా ఈ కాళ్ళతోనే వచ్చానా? మొక్కు తీరాక అందరూ బస్సెక్కి వెళ్ళిపోతారు కాబట్టి ఆ దారి మీద ఇప్పుడు ఒక్కరూ లేరు. ఖాళీగా ఉంది. కొండ ఎక్కుతున్నప్పుడు కొట్టుకున్న గుండె మళ్ళీ దడదడా కొట్టుకోసాగింది, ఈసారి భయంతో కాదు.

అక్కడే నిలబడి లాండ్రీ యజమానికి ఫోను చేసింది. ఇంకొన్నాళ్ళు రాలేనని చెప్పింది.

“అదేంటి, దేవుడి పని అవలేదా?”

“దేవుడిది అయిందండీ. నాదుంది.”

కిందికి దిగేసరికి కారు తలుపు తెరిచి ఉంది. ఆయన కాలికి పట్టీ వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. “అబ్బ, అయిందా! ఎక్కు ఎక్కు. సీటు తడవకుండా ఆ తువ్వాలు పరుచుకో” అన్నాడు.

ఆమె తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకుంది. “మీరు వెళ్ళండి. నేను నడిచి వస్తాను.”

“నడిచి ఎక్కడికి?”

“ఇంటికే.”

“బుద్ధుందా! రెండు వారాలు! మరి ఇంట్లో పనెవరు చేస్తారు?”

“మీరున్నారుగా. అన్నీ దొరుకుతున్నాయి కదండీ మీకు.”

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు అద్దం కిందికి దించి, కోడలిని కింది నుంచి పైదాకా చాలాసేపు చూసింది. ఆవిడ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

“మొక్కు తీరిపోయిందిగా అమ్మాయ్. ఇంకా ఎందుకు నడవడం?”

ఆమె అప్పటికే దారిలోకి దిగింది. నవ్వుతూ వెనక్కి తిరిగి చెప్పింది.

“తీరిపోయింది గనకే, అత్తయ్యా.”