దొరగారి ఆకలి

మా అమ్మ కడసారి నన్ను పిలుస్తుంటే నన్ను ఈ గాజుతొట్టి ముందు నిలబెట్టింది మీరిద్దరే. జబ్బు కాదు, రాత కాదు. నా మొగుడనిపించుకున్న మీరు, పక్కన కూర్చున్న అత్తయ్య.

మీరు తెచ్చిననాడు వేలెడు చేప. ఇప్పుడు నా మూర దాటింది, ఒళ్ళు వంచితే గానీ తొట్టిలో వెనక్కి తిరగలేదు. దానికి మీరు పెట్టిన పేరు దొరగారు. ఎవరైనా వస్తే మావాడు పులిని పెంచుతున్నాడని అత్తయ్య మురిసిపోతుంది. రొయ్యలు ఒలిచి పట్టకారుతో ఆ పులి నోటికి అందించేది నేను. ఆదివారం సెలవు నేను పనిచేసే బట్టలకొట్టుకే, నాకు కాదు. తొట్టిలో మూడోవంతు నీళ్ళు తోడిపోసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు ఇరవై బకెట్లు మోసి నింపాలి. చేతులు నీచు కంపు కొడుతున్నాయని కొట్టు యజమానురాలు నన్ను బేరాల దగ్గర్నుంచి తీసి వెనకగదిలో మడతలు పెట్టమంది. రోజూ సాయంత్రం మీరు ఫోను చేసేవారు, దొరగారు తిన్నారా అని. నేను తిన్నానా అని ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అమ్మ ఆస్పత్రిలో పడిందని, నన్నే కలవరిస్తోందని చెల్లి ఫోను చేసింది. సంచి సర్దుకున్నాను. గుమ్మం దగ్గర మీరు ఎంతో బాధపడుతున్నట్టు అన్నారు: "దొరగారు నీ చేత్తో పెడితే తప్ప తినరు కదా. ఆదివారం నీళ్ళు మార్చేసి వెళ్ళు."

"మీ అమ్మకి నీ చెల్లెలుంది. ఈ నోరులేని జీవికెవరున్నారే? ఉసురు తగులుతుంది" అంది అత్తయ్య.

ఆగాను. అది నా తప్పే. పోయిన ఆదివారం పదకొండో బకెట్టు ఎత్తుతుండగా చెల్లి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి రమ్మనడానికి కాదు.

నిన్న రొయ్యల కోసం మీరు దొరగారిని కొన్న చేపల కొట్టుకి వెళ్ళి, ఊరెళ్ళాల్సొస్తే ఈ చేపని ఏం చేస్తారని కొట్టతన్ని మాటవరసకి అడిగాను. నవ్వాడు.

"వేటచేపమ్మా అది. పదిహేను రోజులు పస్తున్నా దానికేం కాదు. సారుకి మొదటిరోజే చెప్పాను."

పోయినేడు మీ చెల్లెలింటికని ముగ్గురం తాళం వేసి తొమ్మిది రోజులు వెళ్ళాం. కొట్టతను వచ్చి పెడతాడన్నారు. అదీ అడిగాను. తనకి ఎవరూ చెప్పలేదట, తను రాలేదట. తొమ్మిది రోజులు దొరగారు ఉత్తి నీళ్ళతో హాయిగా ఉన్నారు. తల్లీకొడుకులిద్దరికీ తెలుసు.

ఇప్పుడు వెళ్ళి చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు. అమ్మ మంచం కూడా తీసేశామంది చెల్లి. అయినా వెళ్తున్నాను, ఎన్నాళ్ళకో చెప్పను. ఇవాళ ఆదివారం. ఇదిగో పట్టకారు, ఇదిగో బకెట్టు. అత్తయ్యా, మీరు నీళ్ళు ముంచివ్వండి. ఏవండీ, మీరు మొయ్యండి.

ఎత్తండి. పదకొండోది పోసేదాకా నేనిక్కడే నిలబడి చూస్తాను.