గుడ్డకు వెనకవైపు

నన్ను ఎవరైనా మెచ్చుకుంటే ముందు భయమేస్తుంది. ముప్పై ఏళ్ళుగా షాపులకు బోర్డులు రాస్తున్నాను. రాత బాగుందన్న ప్రతివాడూ ఆ వెంటనే ఏదో ఒకటి అడిగినవాడే. అందుకే నగరంలో బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒక కళ్ళజోడు మేడం మా వీధికొచ్చి, మా బ్యానర్ ముందు నిలబడి "ఎంత నిజాయితీ ఉందండీ ఇందులో" అంటే అందరూ మురిసిపోయారు గానీ, నేను మాత్రం ఈవిడకి మాతో ఏం పని అనుకున్నాను.

మా వీధి వెనకున్న రంగుల కంపెనీ తన మురుగంతా మా కాలవలోకి వదులుతోంది. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంది. పిల్లల కాళ్ళనిండా దద్దుర్లు. ఏడాదిగా ప్రతి ఆదివారం పది గజాల తెల్లగుడ్డ పట్టుకుని కంపెనీ గేటు ముందు నిలబడుతున్నాం. ముందువైపు 'మా నీళ్ళకు మీ రంగు వద్దు' అని నేను రాశాను. వెనకవైపు, వచ్చినవాళ్ళ పేర్లు. వెనక పేరు పడ్డవాడు మధ్యలో జారుకోకూడదని మావాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. గుడ్డ పట్టుకున్నప్పుడు పేర్లు మావైపే ఉంటాయి, గేటులో వాళ్ళకు కనపడవు.

మొత్తం నలభై పేర్లు. అందులో పదకొండు ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళవే. మొహాలకు గుడ్డలు కట్టుకుని వస్తారు. తెలిసిన రోజున ఉద్యోగం ఊడుతుంది. ఆ పదకొండులో మా అక్క ఒకతి. డబ్బాలకు మూతలు బిగించే లైనులో పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది. ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. బావకి ఒక పాత వ్యాను ఉంది, ఎప్పుడైనా ఆ కంపెనీదే లోడు దొరికితే తోలతాడు.

మేడం ఆ బ్యానర్‌ను నగరంలో ఆర్ట్ ఫెయిర్‌లో నాలుగు రోజులు పెడతానంది. "ఇచ్చేద్దాం, వేలమంది చూస్తారు," అని అందరికంటే ముందు బావే అన్నాడు. ఈయనకెందుకింత తొందర? కంపెనీ లోడు తోలే మనిషికి మా బ్యానర్ మీద ఇంత ప్రేమేమిటి? నాకు మింగుడుపడలేదు.

"బావ మీద ఒక కన్నేసి ఉంచు," అన్నాను అక్కతో.

"ఊరుకోరా. నువ్వు నీ నీడను కూడా నమ్మవు," అంది. కానీ గిన్నె తోముతున్న చెయ్యి కాసేపు ఆగిపోయింది.

ఇద్దామనే అందరూ తేల్చారు. నేనే కూర్చుని వెనకవైపు నల్లగుడ్డ వేసి దగ్గర దగ్గరగా కుట్టేశాను. అలా కుట్టిన సంగతి బావకొక్కడికే తెలుసు, గుడ్డ చివర పట్టుకుంది ఆయనే కాబట్టి. మేడం ఇచ్చిన ఫారంలో కూడా నా జాగ్రత్తలేవో నేను రాసి పంపాను.

మొదటిరోజే చూడ్డానికి బయల్దేరాను. బావ నన్ను దింపి, వ్యాను పెట్టి వస్తానన్నాడు. హాలు వాకిట్లోనే పెద్ద తెల్ల గోడ, దానిమీద ఫెయిర్‌కు సాయం చేసినవాళ్ళ పేర్లు. రెండోది మా రంగుల కంపెనీ. ఈ ముక్క మేడం మాకు చెప్పనేలేదు.

బ్యానర్‌ను గోడకు కొట్టలేదు. పైకప్పు నుంచి తీగలతో హాలు మధ్యలో వేలాడదీశారు. గబగబా వెనక్కి వెళ్ళాను. నల్లగుడ్డ లేదు. నలభై పేర్లూ లైట్ల వెలుగులో నిగనిగలాడుతున్నాయి. కంపెనీ చొక్కాలేసుకున్న ఇద్దరు అక్కడే ఉన్నారు. ఒకడు పేర్లు చదువుతుంటే రెండోవాడు ఫోన్లో ఎక్కించి ఎవరికో పంపుతున్నాడు. చదివేవాడు ఒక్క పేరు దగ్గర కూడా తడబడలేదు.

అప్పుడే బావ లోపలికొచ్చాడు.

"ఎన్నాళ్ళనుంచి మోస్తున్నావు బావా కబుర్లు?"

ఆయన నా మొహం చూసి, పేర్లు చూసి, పాలిపోయాడు. "నేను ఎవరికీ చెప్పలేదురా."

"నువ్వు కాకపోతే ఇంకెవరికి తెలుసు?"

మేడం నవ్వుకుంటూ వచ్చింది. "మీకోసమే చూస్తున్నానండీ. అందరూ వెనకవైపే ఎక్కువసేపు నిలబడుతున్నారు."

"కుట్లు ఎవరు విప్పమన్నారు?"

ఆవిడ ఫైల్లోంచి నా ఫారం తీసి చూపించింది. నా చేతిరాతే. 'వెనక కుట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. అక్కడ ఏమీ లేదు.'

"ఏమీ లేకపోతే ఇలా ఎవరు రాస్తారండీ? మామూలుగా మేం గుడ్డ వెనక చూడను కూడా చూడం. ఇది చదివాకే విప్పాం. మిమ్మల్ని అడగాల్సింది, తప్పే. కానీ ఆ అక్షరాలు చూశాక దాచబుద్ధి కాలేదు."

ఆ అక్షరాలు నావే. జనం బాల్‌పెన్నుతో గిలికి పోయారు, సగం పేర్లు ఎవరివో వాళ్ళకే తెలియాలి. చెడ్డరాత నేను ఓర్చుకోలేను. ఒక ఆదివారం కుంచె తీసుకుని అన్నీ దిద్దాను. అక్క పేరైతే కొట్టేసి, ఇంటిపేరుతో సహా కొత్తగా రాశాను. ఆవేళ అందరూ భేష్ అన్నారు. జీవితంలో ఆ ఒక్కరోజే మెప్పును అనుమానించలేదు.

"దింపించండి," అన్నాను. మేడం నా మొహం చూసి, ఇంకేం అడక్కుండా నిచ్చెన కోసం పరిగెత్తింది.

ఇంతలో అక్క ఫోను. హాలు గోలలో వినపడక స్పీకరు పెట్టాను.

"లైను ఆపి మా పదకొండుమందినీ గేటు బయట నిలబెట్టార్రా. ఇంటిపేర్లతో సహా చదివి పిలిచారు. రేపట్నించి రావద్దన్నారు." గొంతు తగ్గించింది. "నువ్వన్నట్టే అయిందా? ఆయనేనా? దాచకుండా చెప్పు. ఇంటికొస్తే ఆయన మొహం ఎలా చూడాలో నాకు తెలియాలి."

బావ నా పక్కనే ఉన్నాడు. తలొంచుకున్నాడు. ఊ అంటే చాలు, అక్క నమ్మేస్తుంది. సిగ్గుచేటు, ఒక్క క్షణం అనాలనే అనిపించింది.

"నేనే అక్కా," అన్నాను. "ఫారంలో విప్పొద్దని రాసి వాళ్ళచేత విప్పించింది నేనే. చదవడానికి వీలుగా దిద్దిందీ నేనే. బావకేం సంబంధం లేదు."



"ఫోను ఆయనకి ఇవ్వు," అంది అక్క.

బావ ఫోను తీసుకుని, స్పీకరు ఆపేసి, దూరంగా వెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టాడు.