చీలని సముద్రం

పదహారు మంది పిల్లలు కలిసి సముద్రమయ్యారు. ఆ సముద్రం చీలకుండా ఒకే ఒక్క పిల్ల అడ్డం పడుతోంది. ఆ పిల్ల తల్లికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

అది క్రైస్తవ కళల స్కూలు. పాట, పియానో, నాటకం, డాన్సు నేర్పుతారు. ఏ క్లాసైనా ప్రార్థనతోనే మొదలు. ఏడాది చివర పెద్ద హాల్లో ప్రదర్శన ఉంటుంది. ఈసారి డాన్సు వాళ్ళకి వచ్చింది, సముద్రం రెండుగా చీలి జనానికి దారి ఇచ్చే కథ. పిల్లలందరూ నీలం గౌన్లేసుకున్న అలలు. పియానో ధన్‌మని మోగగానే కుడి సగం కుడికి, ఎడమ సగం ఎడమకి ఒరుగుతూ జరిగిపోవాలి. మధ్యలో దారి పడాలి. పడేది కూడా. సరిగ్గా ఆ దారిలోకే కుడి సగంలో ఉండాల్సిన ఏడేళ్ళ పిచ్చుక, మహా హుషారుగా ఎడమకి జరుగుతూ వచ్చి అవతలి అలల వీపులకి గుద్దుకునేది.

పిచ్చుక ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. ఒక చోట నిలవదని ఆ పేరు పడింది.

డాన్సు టీచరు తల్లిని వరండాలోకి పిలిచింది.

“చూడమ్మా, సముద్రం చీలాక కూడా మీ పిల్ల ఒక్కతే మధ్యలో ఈదుతోంది. జనం ఎలా దాటాలి, పడవేసుకునా?”

తల్లి కూరల సంచీ భుజానికి ఎగదోసుకుంది. “నేర్చుకుంటుంది మేడమ్. ఇంట్లో రోజూ చేయిస్తున్నాను.”

“శనివారం దాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే ఒడ్డున రాయిగా కూర్చోబెడతాను. బూడిదరంగు దుప్పటి కప్పుకుని కూర్చోవడమే.”

“రాయా మేడమ్?”

“రాయికి కుడి ఎడమలతో పని లేదు కదమ్మా.”

ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగబడింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాలని ఆమెను ఎనిమిదో క్లాసులో స్కూలు మాన్పించారు. అప్పుడు స్కూలు నాటకానికి ఇంకా వారమే ఉంది. ఆమెకిచ్చిన రాణి వేషం పక్క బెంచీ పిల్లకి పోయింది. కాగితం కిరీటం మాత్రం ఈమె కత్తిరించిందే. తనది పోతే పోయింది, కూతురి వేషం పోకూడదు. అందుకే పిచ్చుక అడుగులు మరిచిపోతోందని తెలిసిన రోజునుంచే, అంటే మూడు వారాల కిందటే, ఆమె రంగంలోకి దిగింది.

క్లాసులోకి తల్లిదండ్రులు రాకూడదు. గదికి ఒక గోడ పొడుగునా అద్దం, ఆ అద్దం పక్కనే తలుపు, తలుపుకి చిన్న గాజు పలక. తల్లులు బయటనుంచి సైగలు చేస్తున్నారని టీచరు ఆ గాజుకి కాగితం అంటించింది. కాగితం ఒక మూల లేచింది. ఈమె పొట్టి. అందుకని చెప్పుల స్టాండు ఎక్కి ఆ మూలలోంచి తొంగి చూసేది. అద్దం వైపు తిరిగి నేర్పే టీచరు, తలుపు దగ్గరున్న ఈమెకి ఎదురుగా కనిపించేది. టీచరు ఎటు ఒరిగితే ఈమె అటే ఒరిగేది. ఎక్కడా పొల్లు పోకుండా బుర్రలో దాచుకునేది.

సాయంత్రం ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలో క్లాసు పెట్టేది.

“నా వెనక నిలబడు. నా వీపు చూసి చెయ్యి.”

“అమ్మా, టీచర్ ఇటు పోతుందే!”

“నా రెండు కళ్ళతో చూశాను. అటే పోతుంది.”

“కాదమ్మా...”

“నోరు మూసుకుని జరుగు.”

లిఫ్టులు బాగుచేసే పనినుంచి తండ్రి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మానికి అడ్డంగా ఊగుతుండేవాళ్ళు.

“లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళే నయం. వాళ్ళకి కాస్త నిలబడే చోటుంటుంది. సముద్రం ఆగితే అన్నం పెడతావా?”

“మీకేం, పైకీ కిందకీ తిప్పుకుంటారు. ఇక్కడ మీ కూతురు రాయి కాబోతోంది.”

“పోనీలేవే. ఒక్క పూటైనా కుదురుగా కూర్చుంటుంది.”

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆయన తనే కంచం కడుక్కుని పీట వేసుకున్నాడు.

శనివారం వచ్చింది. వరండాలో తల్లి కళ్ళు మూసుకుంది. “ప్రభువా, నీకు ఆ రోజు అంత పెద్ద సముద్రాన్ని చీల్చడం ఒక లెక్కా? ఇవాళ నా పిల్లని ఒక్క పక్కకి జరిపితే చాలు.” కళ్ళు తెరిచి చెప్పుల స్టాండు ఎక్కింది. లోపల పియానో మొదలైంది. చేతులు వాటంతటవే లేచాయి. మణికట్లు తిరిగాయి. నడుము ఊగింది. పియానో ధన్‌మన్నది. తనెక్కడున్నదీ మరిచిపోయి ఆమె ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగింది. ఆమెతో పాటే స్టాండూ ఒరిగింది.

ఆ చప్పుడుకి పియానో ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. ముందు టీచరు, వెనక పదహారు అలలు. ఎదురుగా చెప్పుల గుట్ట మధ్య కూర్చుని, చేతులు ఇంకా గాల్లోనే ఉంచుకున్న పిచ్చుక తల్లి.

“ఏం చేస్తున్నారమ్మా?”

“అల... మేడమ్.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. కళ్ళు చికిలించి ఆ చేతుల్నే చూసింది. “దెబ్బ తగిలిందా? లేదు కదా. అయితే లేచి, అదే మళ్ళీ చెయ్యండి.”

ఆమె లేచి చేసింది. భయంతో చేసినా ఒక్క వేలు కూడా గతి తప్పలేదు.

“ధన్!” అంది టీచరు నోటితోనే. ఆమె ఎడమకి జరిగింది.

“ఎడమకెందుకు పోయారు?”

“మీరు ఎటు పోతే అటే మేడమ్. రోజూ ఇక్కణ్ణుంచి చూసే కదా...” అని నాలుక కరుచుకుంది. చూపు మాత్రం కాగితం మూల మీదికి పోనే పోయింది.

టీచరు కాగితం వంక చూసింది, గాజు వంక చూసింది, తనెప్పుడూ నిలబడే చోటు వంక చూసింది. తర్వాత గుమ్మంలోనే చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“ఎదురుగా నిలబడి చూశారమ్మా తల్లీ! నా కుడి మీకు ఎడమ అయింది. పిల్లని వెనక నిలబెట్టుకుని అదే ఎక్కించారు. నేను అరగంటలో చెప్పింది మీరు రాత్రికల్లా తిరగేస్తున్నారన్న మాట! పిల్ల ఒక్క అడుగూ తప్పలేదు. డాన్సు మొత్తం శుద్ధంగా తలకిందులు చేసింది, అంతే.”

“నేను చెప్పలేదా అమ్మా?” అంది పిచ్చుక నడుం మీద చేతులు పెట్టుకుని.

సముద్రం సంగతి దేవుడెరుగు, తన కాళ్ళ కింద నేల చీలితే చాలుననిపించింది తల్లికి. అయినా అడగాల్సింది అడిగింది. “అయితే పిల్ల... రాయేనా మేడమ్?”

“రాయీ లేదు, రప్పా లేదు. ఇంకా పది రోజులుంది. మీరు వేసిన ముడి మీరే విప్పాలి. కాళ్ళు తుడుచుకుని లోపలికి రండి. పిల్ల వెనక నిలబడి నా వీపు చూసి నేర్చుకోండి.”

ఎనిమిదో క్లాసు తర్వాత ఆమె ఒక క్లాసులో నిలబడటం అదే మొదటిసారి. అద్దంలో పదహారు నీలం గౌన్ల వెనక, భుజానికి కూరల సంచీతో పదిహేడో అల కనిపించింది. టీచరు ముందుగా ప్రార్థన చేయించింది. ఆమె సంచీ దింపడం కూడా మరిచిపోయి ఆమెన్ అంది. ధన్‌మనగానే పిచ్చుకా తనూ ఒకేసారి కుడికి జరిగారు. ఆ పది రోజులూ ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య కుడికే జరిగారు. తండ్రి కూడా పక్కకి తప్పుకోవడం నేర్చుకున్నాడు.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడుతోంది. మూడో వరసలో మొగుడి పక్కన కూర్చుని ఆమె చేతిరుమాలు నలిపేస్తోంది. తెర లేచింది. అలలు ఊగాయి. పియానో ధన్‌మన్నది.

పిచ్చుక ఎడమకి పోయింది.

ఆమె ఒక్క ఉదుటున లేచి నిలబడింది. “అటు కాదే తల్లీ! కుడికి! కుడికి!”

మొగుడు చెయ్యి పట్టి లాగాడు. “కూర్చోవే! మనం ఎదురుగా కదా ఉన్నాం!”

ఆమె అప్పుడు చూసింది. స్టేజీ మధ్యన వెడల్పాటి దారి పడి ఉంది. ఒక్క అల కూడా అందులో లేదు. మూటలు నెత్తిన పెట్టుకున్న చిన్న పిల్లలు బారుగా దాటుతున్నారు. అవతల గట్టుమీద పిచ్చుక తన వాళ్ళ మధ్యే కుదురుగా ఊగుతోంది.

వెనక వరసలోంచి ఎవరో ఆమె భుజం తట్టారు. “కాస్త రాయిలా కూర్చోండమ్మా. మా పిల్లా ఉంది ఆ సముద్రంలో.”

ఆమె రాయిలా కూర్చుంది.