విడుదల కాని వస్తువుకు కవరు

ఈ ఉదయం అనుమతుల కార్యాలయం వారి జాబితాలో నా కుడిచెయ్యి కనిపిస్తోంది. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఉంది. కింద నమూనా సంఖ్య ఉంది, తేదీ ఉంది. చెయ్యి దేన్నో పట్టుకుని ఉంది. పట్టుకున్నదాన్ని మాత్రం తెల్లగా చెరిపేశారు.

నా కుడిచెయ్యి ఇక్కడే మౌస్ మీద ఉంది. రెండింటినీ పోల్చి చూస్తాను. ఫొటోలోని బొటనవేలి గోటికి పసుపు మరక ఉంది. నిన్న మధ్యాహ్నం నేను పులిహోర తిన్నాను. కాబట్టి అది నా చెయ్యే. వస్తువును నాకంటే ముందు నా చెయ్యి చూసిందన్నమాట. ఇది లాభం వైపు రాసుకోవలసిన సంగతి.

నా పేరు పసుమర్తి భూషణం. విజయవాడ గవర్నరుపేటలో ఫోన్లకు కవర్లు చేయించి అమ్ముతాను. గాలిలో సంకేతాలు పంపే ఏ వస్తువైనా అంగడికి రావాలంటే తయారీదారు ముందు ఆ కార్యాలయంలో కాగితాలు దాఖలు చెయ్యాలి. వస్తువు రూపాన్ని నూట ఎనభై రోజులు దాచి ఉంచమని అడిగే హక్కు అతనికుంది. అయితే అనుమతి చీటీ ఎక్కడ అంటిస్తారో చూపే బొమ్మను మాత్రం బయట పెట్టక తప్పదు. మాబోటివాళ్లం ఆ బొమ్మలోంచే పొడవు, వెడల్పు, చిల్లుల చోటు లాగుతాం. వస్తువు వచ్చిన రోజున కవరు ఎవరి దగ్గరుంటే వ్యాపారం వాడిది. వారం తిరిగేసరికి అందరి దగ్గరా ఉంటుంది.

ఈసారి వస్తున్నది ఫోను కాదు, చేతిలో ఇమిడే కంప్యూటరు. పుస్తకంలా తెరుచుకుంటుందని, లోపల మీటలుంటాయని అంటున్నారు. ఇంకా పేరు పెట్టలేదు. సంఖ్య మాత్రం ఉంది.

మూడేళ్ల కిందట ఇలాగే ఒక ఫోను బొమ్మ చూసి రెండువేల కవర్లు పోయించాను. చీటీ వస్తువు వీపున అంటిస్తారు కనుక ఆ బొమ్మ వెనకవైపుది. నేను ముందువైపుది అనుకున్నాను. కెమెరా చిల్లు ఎడమన పడాల్సింది కుడిన పడింది. ఆ రెండువేలూ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. మధ్యాహ్న భోజనాలయ్యాక అవి వరుసగా కిటికీ దగ్గరికి వెళ్లి, తమ చిల్లుల్లోంచి వీధిని చూస్తాయి. నాలుగింటికి తిరిగి అట్టపెట్టెల్లోకి వస్తాయి. మంచి క్రమశిక్షణ గల సరుకు.

పక్క కొట్టు చలమేశ్వరరావు ఆ సంగతి మరిచిపోనివ్వడు. "భూషణంగారూ, మీ చిల్లులు బాగున్నాయండీ. వాటికి సరిపడే ఫోను ఎవరైనా చేస్తారేమో కనుక్కోండి" అని కొత్త గిరాకీ ముందే అంటాడు.

ఆ తప్పు చిల్లుల వల్ల వచ్చిన అసలు నష్టం వేరే ఉంది. నా భార్య హైమావతి మొదటి రోజు నుంచీ నాతోపాటు కొట్టులో కూర్చుంటుంది. కవర్ల అంచులు వేలితో తడిమి, బాగులేనివి పక్కన పెట్టేది తనే. ఈ శనివారం తను గుడివాడ వెళుతోంది. అక్కడ వాళ్లక్క కర్రీపాయింటు నడుపుతోంది, ఒక మనిషి కావాలంది. గొడవేమీ జరగలేదు. హైమ మెల్లగా చెప్పింది, నేను విన్నాను. తన కుర్చీ కూడా వెంట వెళుతుంది. కుర్చీ ఇప్పటికే సగం దూరం వెళ్లింది. ముందుకాళ్లు రెండూ ఉయ్యూరు దగ్గర ఉన్నాయి.

నా లెక్క ఇది. శుక్రవారంలోగా ఈ కంప్యూటరుకు సరైన అచ్చు కోయించగలిగితే హైమ ఉంటుంది. ఇంకొక్క చిల్లు తప్పు పడితే ఉండదు. ఈరోజు బుధవారం.

మా కాంప్లెక్సుకు రెండంతస్తులే. అనుమతుల కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వెళతాను. పొడవాటి నడవా చివర బల్ల వెనక భ్రమరాంబగారనే ఉద్యోగిని కూర్చుని ఉంది. వస్తువు మందం ఎంత అని అడుగుతాను. నడవా ఒక బల్ల పొడవు పెరుగుతుంది. చార్జింగు పెట్టే చోటు ఏ వైపు అని అడుగుతాను. మరో బల్ల పొడవు పెరుగుతుంది. ఇక్కడ ప్రశ్నకింత అని రేటు ఉందని నాకు అర్థమవుతుంది. అయినా బేరం ఆపను. ఏడో ప్రశ్నకు ఆమె బఠాణీ గింజంత కనిపిస్తుంది.

ఎనిమిదో ప్రశ్న వెయ్యకుండా నిలబడతాను. నడవా పది బల్లలు తగ్గి ఆమె నా ఎదుట ఉంటుంది. నన్ను చూసి జాలిపడి ఒక కాగితం ఇస్తుంది. అందులో వస్తువు బరువు రోజువారీగా రాసి ఉంది. ప్రతి రోజూ పన్నెండు గ్రాములు పెరుగుతోంది.

"దాచిపెట్టిన కొద్దీ బరువెక్కుతుందండీ. మోస్తున్నవాళ్లకు తెలుస్తుంది" అంటుంది.

కాగితమూ ఫొటో నకలూ తీసుకుని కిందికి వస్తాను. హైమ కొట్టులో ఉంది. కుర్చీ వెనకకాళ్ల మీదే కూర్చుని, కుడిచేత్తో కవర్లు సర్దుతోంది. ఎడమచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. నేను నకలు బల్ల మీద పరిచి, నా చెయ్యి జాబితాకు ఎక్కిందని కాస్త గర్వంగానే చెబుతాను.

తను చాలాసేపు చూస్తుంది.

"మళ్లీ వెనకవైపు నుంచి చూస్తున్నారు. ఇది మీ కుడిచెయ్యి కాదు. నా ఎడమచెయ్యి" అంటుంది.

పసుపు మరక సంగతి చెబుతాను.

"ఆ పులిహోర కలిపింది ఎవరు?"

నకలును తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటాను. హైమ చెయ్యే. ఇరవైరెండేళ్లుగా ఎదురుగా ఉన్న చెయ్యి. ఆర్నెల్లుగా తను అన్నీ కుడిచేత్తోనే చేస్తోందని ఇప్పుడు గుర్తొస్తుంది. బియ్యం కడిగేటప్పుడు గిన్నెను గోడకు ఆనించి కడుగుతోంది. నేను నరాల బలహీనత అనుకుని ఒక నూనె సీసా కొనిచ్చాను.

తన అరచేతిలో నాకేమీ కనిపించదు. వేళ్లు మాత్రం ఒక మందానికి వంగి ఉన్నాయి. ముట్టుకోబోతే నా వేలు దానంతటదే పక్కకు జారిపోతుంది. నూట ఎనభై రోజులు నిండలేదు. ఇంకా మూడు రోజులున్నాయి.

ఏం పట్టుకున్నావని అడుగుతాను. తను మరో కవరు అంచు తడుముతుంది. ఎప్పుడిచ్చారని అడుగుతాను. తను తల దించుకుంటుంది. కొట్టు పొడవు పెరుగుతోంది. తన కుర్చీ వెనకకాళ్లు గుమ్మం వైపు జరుగుతున్నాయి. మూడో ప్రశ్న నాలుక చివర ఉంది. మింగేస్తాను. హైమ దగ్గర నేను మింగిన మొదటి ప్రశ్న అదే. రుచి సగ్గుబియ్యంలా ఉంది.

కాసేపటికి హైమ తనంతట తనే చెబుతుంది.

"అడిగితే చెప్పకూడదని సంతకం చేయించుకున్నారండీ. అడక్కపోతే ఏం చెయ్యాలో ఆ కాగితంలో లేదు."

పరీక్షకు ఒక ఆడమనిషి చెయ్యి కావాలని మూడో అంతస్తు నుంచి వచ్చారట. అప్పుడు నేను సూరత్‌లో రెక్సిన్ బేరం చేస్తున్నాను. వస్తువును చేతిలో పెట్టి వెళ్లిపోయారట. విడుదల కానిదాన్ని కింద పెట్టడానికి చోటు ఉండదు కనుక, అప్పటి నుంచీ పట్టుకునే ఉందట. ఆ మాటకొస్తే, మూడేళ్ల కిందట కూడా చిల్లు అటు కాదు ఇటు అని తను ఒకసారి అన్నదట. కాగితం నా దగ్గరుందని నేనన్నానట. అన్నాను. ఆ మాట నా లెక్కలో ఎక్కడా లేదు. ఇప్పుడు దాన్ని నష్టం కింద రాసుకుంటాను. నిజానికి మొదటి నష్టం అదే, కవర్లు తరవాతవి.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం ఆటోనగర్ వెళతాం. అచ్చులు కోసే జలాలుద్దీన్ షెడ్డులో లేతు మిషను పాలు కాస్తోంది. స్టీలు రజను మీగడలా కడుతోంది. అతనికి విషయమంతా చెప్పి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యొద్దంటాను.

"మరి కొలతెలా అన్నా" అనబోయి, ఆ మాటను సగంలో పట్టుకుని, తుడిచి జేబులో పెట్టుకుంటాడు. "వదినమ్మ చెబుతారు. నేను ఊరికే ఇక్కడుంటా."

హైమ కళ్లు మూసుకుంటుంది. కుడిచేతి వేళ్లతో ఎడమచేతిలోని ఖాళీని తడుముతుంది. కొట్టులో కవర్ల అంచులు తడిమినట్టే తడుముతుంది. "ఇక్కడ అంచు గుండ్రంగా తిరిగింది" అంటుంది. జలాలుద్దీన్ కోస్తాడు. "మడత బందు ఎడమవైపుంది. నా వైపు నుంచి ఎడమ." కోస్తాడు. "అడుగున రెండు చిల్లులు. ఒకటి పప్పుబద్దంత, ఒకటి గసగసంత. కెమెరా లేదు. ఎక్కడా లేదు. దీనికి చూడాలని లేదండీ, రాయాలని ఉంది."

కెమెరా చిల్లు లేని కవరు నేనెప్పుడూ చెయ్యలేదు. జాబితాలో కెమెరా ఉన్నట్టు నాకు గట్టి అనుమానం. బొమ్మలో ఒక చిన్న సున్నా ఉంది. జేబులో కాగితం ఉంది. దాన్ని తియ్యాలని చెయ్యి వెళుతుంది. జలాలుద్దీన్ పనిముట్టు ఆపి నా వైపు చూస్తున్నాడు. హైమ కళ్లు తెరవకపోయినా నా వైపే చూస్తోంది.

చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

"తను చెప్పినట్టే కొయ్యి" అంటాను.

సాయంత్రం నాలుగింటికి మొదటి కవరు బయటికొస్తుంది. రంగు చింతచిగురుది. హైమ దాన్ని తన ఎడమచేతిలోని ఖాళీకి తొడుగుతుంది. టిక్కుమంటుంది. ఆ చప్పుడు మాకు ముగ్గురికీ వినిపిస్తుంది. కవరు గాలిలో నిండుగా నిలబడుతుంది, ఎక్కడా ముడత లేదు. చిన్న సున్నా ఉందనుకున్న చోట హైమ వేలికి చీటీ తగులుతుంది, అంతే. నేను సున్నా అనుకున్నది ఆ చీటీ గుండ్రటి మూల.

కవరు తొడిగిన వస్తువుకు కింద పెట్టే చోటు ఉంటుంది. హైమ దాన్ని బల్ల మీద పెడుతుంది. ఆర్నెల్ల తరవాత వేళ్లు చాపుతుంది. ఒక్కో వేలూ ఒళ్లు విరుచుకుంటుంది. చిటికెనవేలు ఆవలిస్తుంది. జలాలుద్దీన్ టీ తెప్పిస్తాడు. తను గ్లాసును ఎడమచేత్తో పట్టుకుని తాగుతుంది. గ్లాసు ఏ బరువూ లేనట్టు పైకి తేలిపోతుంటే మధ్యమధ్య కిందికి లాక్కుంటుంది.

ఆటోలో తిరిగి వస్తూ వాళ్లక్కకు ఫోను చేస్తుంది. రేపు రావడం కుదరదని, కూరలు తరగడానికి ఇంకో మనిషిని చూసుకోమని, కుర్చీ ముందుకాళ్లు అటు వస్తే బస్సెక్కించమని చెబుతుంది. ఎందుకని వాళ్లక్క అడిగినట్టుంది. "ఇక్కడ కొలతలు చెప్పే మనిషి లేదక్కా" అంటుంది. నేను బయటికి చూస్తూ కూర్చుంటాను. నా మొహం ఎలా ఉందో అద్దంలో చూడను. చూస్తే బేరానికి పనికిరాకుండా పోతుంది.

శనివారం ఆ కంప్యూటరు ఊరంతటా కనిపించడం మొదలవుతుంది. రాత్రంతా పోయించిన మా కవర్లు మధ్యాహ్నానికి అయిపోతాయి. చలమేశ్వరరావు ఒకటి అడిగి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, రెండు చిల్లులూ లెక్కపెట్టి తన కొట్టులోకి వెళతాడు.

ఒంటిగంటకు జాబితాలో కొత్త దాఖలా వస్తుంది. ఈసారిది కంప్యూటరు కాదు, నది. ఇంకా విడుదల కాలేదు. పుట్టిన చోటు, పేరు దాచి ఉంచమని కోరారు. జాబితాను చివరి దాకా చదివేలోపే అది మెట్లెక్కి మా కొట్టు ముందుకు వస్తుంది. చీర కుచ్చిళ్లలా తనను తాను ఎత్తి పట్టుకుని, తడి ఎవరికీ అంటకుండా ఒదిగి నిలబడుతుంది. దాని అడుగున చేపలు కొత్త చీటీలతో నిద్రపోతున్నాయి. కవరు కావాలంటుంది.

నేనేమీ అడగను. టేపు తీసి ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొస హైమ ఎడమచేత్తో పట్టుకుని, చెప్పులు విడిచి నదిలోకి నడుస్తుంది. నీళ్లు దారి ఇస్తాయి. మొదట చీలమండలు కనిపించవు, తరవాత జడ కనిపించదు. మాట మాత్రం స్పష్టంగా, హుషారుగా వినిపిస్తూనే ఉంది. తను అంకెలు చెబుతోంది. నేను రాస్తున్నాను. నా వేళ్ల మధ్య నుంచి టేపు సాగుతూనే ఉంది, బల్లలు దాటి, వీధి దాటి, ఇంకా లేని ఒడ్డు వైపు.

"ఇంకా ఉందండీ," అంటోంది హైమ, చాలా దూరం నుంచి. "రాసుకోండి."