సంకల్పంలో చివరి పేరు

నిజామాబాద్ ఆస్పత్రిలో ఆశన్న మంచం మీద, భార్య దేవవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని ఫోనులో బోధన్ గుడి హోమం చూస్తున్నారు. మధ్యాహ్నం ఆశన్న గుండెకు ఆపరేషన్. గుడి వెబ్‌సైట్ ఫారంలో దేవవ్వే పేర్లు నింపింది. ముందు పెనిమిటిది, తర్వాత తనది, బిడ్డ దీక్షితది, ఆఖరున మరిది లింబయ్యది.

పంతులు వాళ్ల గోత్రం చదివి, ఒక్క లింబయ్య పేరే చెప్పి, వెంటనే వేరే ఇంటి గోత్రం ఎత్తుకున్నాడు.

ఆశన్న ఫోను బోర్లించాడు. నర్సు సంతకానికి కాగితం తెస్తే గోడవైపు తిరిగాడు.

“దేవుడే నా పేరు దాటేసిండు. ఇగ కోసి ఏం జేస్తరు? ఇంటికి తీస్కపోండ్రి.”

ఎంత చెప్పినా వినలేదు. దేవవ్వ తన తమ్ముడు పరమేశ్వర్‌కు ఫోన్ చేసింది. మూడు నెలల కింద గుడికి ఆ ఫారం చేసిచ్చింది అతడే. విన్న వెంటనే తను రాసింది తెరిచి చూసుకున్నాడు. చూడగానే అర్థమైంది. లాప్‌టాప్ పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

“తప్పు నాది బావ. దేవుడు దాటెయ్యలే, నేను రాసిన కంప్యూటర్ స్క్రిప్టు దాటేసింది.”

“మీ అక్క సెప్పిన మాట మంచిగనే బట్టీ పట్టినవ్ బామ్మర్ది. మా తమ్ముడు లింబడు కోటగిరిల రోలు లెక్క గట్టిగ ఉన్నడు. వానికి హోమమా?”

పరమేశ్వర్ లాప్‌టాప్‌ను మంచం మీద పెట్టాడు. “నువ్వే కొట్టు.”

ఆశన్న ఒంటి వేలితో నాలుగు పేర్లూ కొట్టాడు. పంపితే తెర మీద లింబయ్య పేరొక్కటే వచ్చింది.

“నాలుగు గడులకు లోపల నేను పెట్టిన గుర్తు ఒక్కటే బావ. ఆ గుర్తు మీద సర్వర్ లోపటి స్క్రిప్టు ఒక్క పేరే ఉంచుకుంటది. కొత్తది రాంగనే పాతది తీసేస్తది.”

గుర్తు పక్కన రెండు ఖాళీ చదరపు బ్రాకెట్లు చేర్చాడు. “ఇవుంటే ఇదంతా ఒక వరుస అని దానికి ఎరుకైతది. ఇప్పుడు పంపు.”

నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. అన్నిటికీ పైన ఆశన్న.

ఆశన్న దానివైపే చూస్తూ ఉండిపోయాడు. “గుడికిచ్చే ముందుగాల నువ్వు సూసుకోలేదా?”

“సూసిన. నా పేరొక్కటే కొట్టి సూసిన.”

“పెండ్లి చేసుకోమంటే ఇనకపోతివి.” నవ్వబోయి ఆగాడు. “అయితే పేర్లిచ్చినోళ్లందరికీ గిట్లనేనా?”

“అందరికీ గిట్లనే బావ.”

“ఆ పేర్లు యాడున్నయ్?”

“యాడా లేవు బావ. ఫోన్ నంబర్లున్నయ్.”

ఆశన్న కాగితం అడిగి సంతకం పెట్టాడు. భయం పోయినట్టు లేదు.

“నాది ఎట్లయితే గట్లయితది. నువ్వు వాళ్లకు ఫోన్ చెయ్యి. ఎవలింట్ల ఎవలు మంచాన పడున్నరో.”

ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. తలుపు మూసుకున్నాక దేవవ్వ మెల్లగా అడిగింది.

“తమ్మి, నేను రాసినప్పుడే దేవుడు సూసిండు గదా? పంతులు కాయితం దాకా రావాల్నా?”

పరమేశ్వర్ దీపం పెట్టనిదే పనికి కూర్చునేవాడు కాదు. సూసిండక్కా అందామనుకున్నాడు. లాప్‌టాప్‌లో నంబర్లు తెరిచాడు. వరండాలోకి వచ్చి మొదటి నంబరు కలిపాడు.

మోర్తాడ్ నుంచి ఒక ముసలమ్మ ఎత్తింది. పేర్లు సరిగా అందలేదనీ, మళ్లీ చదివిస్తామనీ చెప్పాడు.

“అప్పట్ల మొదలు మా ఇంటాయన పేరే రాయించిన బిడ్డా. పోయిన నెల ఆయన పోయిండు. మిగిలినోళ్లవి సెప్త, రాసుకో.”

పరమేశ్వర్ ఆపరేషన్ గది తలుపు వైపు చూశాడు.

“ముందు ఆయన పేరే సెప్పు అవ్వా,” అన్నాడు.