టిక్కు లేని చీటీ

ప్రతి ఉదయం తొమ్మిదింటికి ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి, టిఫిన్ డబ్బా అలమరలో పెట్టి, నలభై ఖాళీ రిపోర్టు కాగితాల మీద వరసగా సంతకాలు చేసేవాడు. రోగుల రక్తం ఆ తర్వాత వచ్చేది. చదువుతున్న మీకు ఇది తలకిందుల వ్యవహారంలా అనిపించవచ్చు. ఆ ఆసుపత్రిలో మాత్రం ఎవరికీ అలా అనిపించలేదు.

వాళ్ల పద్ధతి చాలా సులువు. జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా పెద్ద డాక్టరు పద్దెనిమిది పరీక్షలు రాస్తాడు. నిజంగా అనుమానమున్న పరీక్ష పక్కన మాత్రం చిన్న టిక్కు పెడతాడు. టిక్కు ఉన్న రక్తం యంత్రంలోకి, లేనిది సింకులోకి. టైపు చేసే అమ్మాయి ఆరోగ్యవంతుల అంకెలు కొట్టేస్తుంది. బిల్లు పద్దెనిమిదికీ పడుతుంది. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే.

"పాపం కదన్నా?" అని ఆ అమ్మాయి చేరిన కొత్తలో అడిగింది.

"ఏ జబ్బూ లేనివాళ్లకి ఏ జబ్బూ లేదని చెప్తున్నాం. అందులో పాపమేముంది?" అని టెక్నీషియన్ నవ్వేశాడు. ఆ నవ్వుకి చెంప పగలగొట్టాలి. కానీ గదిలో అందరూ అతనితో కలిసి నవ్వారు.

అతని అక్క బట్టలు కుట్టేది. తల్లి పోయాక రాత్రనక పగలనక మిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. కొన్నాళ్లుగా కాళ్లు వాస్తున్నాయి, ఒకటే నీరసం. తమ్ముడి పనికి అడ్డమెందుకని అతనికి చెప్పకుండా అదే ఆసుపత్రికి వచ్చి, అందరిలాగే వరసలో నిలబడింది. ఆ రోజు బయట డెబ్బై మంది ఉన్నారు. డాక్టరు ఆమె కాళ్ల వైపు చూడనైనా చూడకుండా పద్దెనిమిదీ రాసి, చీటీ చేతిలో పెట్టాడు. టిక్కు పెట్టలేదు.

కింద గదిలో తమ్ముడు ఆమె రక్తాన్ని సింకులో పోసి, కుళాయి తిప్పి, టీకి వెళ్లాడు.

నాలుగు నెలలకి ఆమె కుడుతూ కుడుతూ మిషను మీదే పడిపోయింది. రెండు కిడ్నీలూ పోయాయని ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ తేల్చింది.

"ఇంత వాపు పెట్టుకుని ఎక్కడా చూపించలేదామ్మా?"

"చూపించానమ్మా. అన్నీ బాగున్నాయన్నారు." అక్క సంచిలోంచి రిపోర్టు తీసింది. "ఇంకోచోట కూడా చూపించుకోమని పక్కింటావిడ పోరింది. కింద మా తమ్ముడి సంతకముంది, వాడు చూశాక ఇంకెవరు చూడాలన్నాను."

మంచం పక్కనే నిలబడిన తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. డాక్టరమ్మ అతన్ని వరండాలోకి పిలిచింది.

"ఈ పరీక్షలు చేశావా?"

"చీటీలో టిక్కు లేదు మేడమ్."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రిపోర్టు అతని చేతిలో పెట్టింది.

"కాళ్లు వాస్తే కిడ్నీకి ఒక్క పరీక్ష చాలు. అప్పుడే తెలిసుంటే మందులతో నెట్టుకొచ్చేవాళ్లం. అక్కర్లేనివి పదిహేడు రాసి, అక్కరైనదాన్ని వాటిలో కలిపి పారబోశారు. చేయని పరీక్షకి డబ్బు తీసుకునేవాడు దొంగ. చేసినట్టు కాగితమిచ్చేవాడు హంతకుడు. వెళ్లి ఆ మాట మీ అక్కకి నువ్వే చెప్పు."

అతను చెప్పలేదు. నా తమ్ముడు బంగారమని చుట్టుపక్కల మంచాల వాళ్లందరికీ చెప్తూనే, పదకొండో రోజున ఆమె కన్నుమూసింది.