మబ్బు లేని వాన

పుంగనూరు నుంచి పలమనేరు పోయే దారిలో రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే మోషే ఊరు. ఎనభైల మొదట్లో వానలు మొగం చాటేసిన ఏడు అతని బావి అడుగంటింది. మల్బరీ తోటలో పుల్లలే మిగిలాయి. ఇంట్లో మాత్రం తట్టల నిండా పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే రోగం కాదు, కుబుసం విడిచే ముందు వాటి ఆఖరి నిద్ర. తలలు పైకెత్తి, కదలకుండా, ప్రార్థనలో ఉన్నట్టు పడుకుంటాయి. లేచాయంటే ఆకలి అంతా ఇంతా కాదు. ఆకు అందకపోతే పంట పెంటదిబ్బ పాలే.

గోడ అవతల చిన్నాయన కొడుకు తిమోతి బావిలో ఇంకా ఊట ఉంది, తోట పచ్చగా ఉంది. ఈ పంటకు అతను పురుగు పెట్టలేదు. ఆకు అమ్ముకుందామని ఉంచుకున్నాడు.

"పోయి అడగరాదా?" అంది భార్య వరమ్మ.

"ఏ మొగం పెట్టుకోని?"

పోయినేడు తిమోతి పురుగులు ఆకలితో లేచి, అతను ఆకు అడగొచ్చినప్పుడు, "నా పురుగులకే సాలదు, పోరా" అని మోషే తడిక మూసుకున్నాడు. అబద్ధం. మిగిలిన ఆకు మేకలకు వేశాడు. తిమోతి తట్టలు మోసుకుపోయి పెంటదిబ్బ మీద పారబోయడం గోడ మీదుగా చూశాడు కూడా.

తెల్లారి ఆకు కొందామని మోషే వి.కోట బస్సెక్కాడు. ఎక్కడా దొరకలేదు. తిరుగు బస్సులో నిద్ర ముంచుకొచ్చింది. కలలో తనే తట్టలో పడుకుని ఉన్నాడు, తల పైకెత్తి. పైనుంచి ఒక చెయ్యి దిగుతోంది. ఎవరిదో చూడబోతే కండక్టరు తట్టి లేపాడు.

"దిగప్పా. మిగిలిన కల ఇంటికాడ కందువు."

పొద్దు వాలే వేళకు ఇల్లు కనబడేసరికి వాన చప్పుడు వినిపించింది. సన్నగా, ఎడతెగకుండా, ఆకుల మీద పడే వాన. తలెత్తాడు. ఆకాశం తోమిన రాగి పళ్లెంలా ఉంది, మబ్బు తునక లేదు. చెయ్యి చాచాడు. చినుకు లేదు. ఆ వాన తన ఇంట్లోంచి వస్తోంది.

గడప ముందు నిలబడిపోయాడు. లోపల తిమోతి తట్ట తట్టకూ ఆకు చల్లుతున్నాడు. పురుగులన్నీ లేచి మేస్తున్నాయి. ఆ చప్పుడే అది.

"నేను పిలవలా," అంది వరమ్మ. "నువ్వు బస్సెక్కినాక మోపుతో వచ్చినాడు. అప్పట్నించీ కోస్తానే ఉండాడు, వేస్తానే ఉండాడు."

మోషే అడుగు లోపల పెట్టబోయాడు.

"ఆగన్నా. బస్సు దుమ్ముతో పురుగులింట్లోకి వస్తావా?" తిమోతి చెంబుతో నీళ్లు తెచ్చి అతని కాళ్ల దగ్గర వంగాడు. ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా కాళ్లు కడుక్కోవాల్సిందే. అయినా మోషే వెనక్కి జరిగాడు.

"నువ్వొద్దురా. నేను కడుక్కుంటా."

"ఊరికే నిలబడు."

"వచ్చే పంటకు నా ఆకంతా నీకే..."

"నీ తోటలో పుల్లలుండాయి." తిమోతి నవ్వాడు. "నువ్వు అడగనే లేదు. మళ్లా బేరం యాల?"

"నేను చేసింది మరిసినావా?"

"మరవలా." తిమోతి చెంబు వంచాడు. "ఆకలితో లేసిన పురుగు తలెత్తి సూస్తాది సూడు. పోయినేడు నావి అట్లనే సూసినాయి. ఇంగోసారి సూడలేనన్నా."

కృప అనే మాటను మోషే చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడుతూనే ఉన్నాడు. దేవుడు మంచివాళ్లకు కొలిచి పోసేది అనుకున్నాడు ఇన్నాళ్లూ. కొలత లేకుండా, చల్లగా, నీళ్లు పాదం మీద జారుతున్నాయి. బస్సులో కనబడీ కనబడని ఆ చెయ్యి ఇప్పుడు కనబడింది. గోళ్లలో ఆకు పసరు ఉంది.

"రెండో కాలు," అన్నాడు తిమోతి.

మోషే చాచాడు.